అమ్మ తినని చేప

పదకొండేళ్ళ వయసు నుంచి మా ఇంట్లో చేపల పులుసుకి ఉప్పు చూడ్డం నా పని. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని గరిటెతో రెండు బొట్లు నా అరచేతిలో వేసేది. నేను నాకి, "సాల్నేదు" అనో "ఎక్కువైపోనాది" అనో చెప్పేదాన్ని. పిల్లకి ఇప్పట్నుంచే వంట నేర్పుతోందని చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకునేవారు. నేర్పడమూ లేదు, గీర్పడమూ లేదు. అమ్మ చేప నోట పెట్టదు. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. దాన్ని కడుపులో పెట్టుకుని నేనెన్నేళ్ళు భయంతో చచ్చానో చెప్పాలంటే ముందు మొక్కు సంగతి చెప్పాలి.

మాది విశాఖపట్నం జాలరిపేట. మా అయ్య, అంటే నాన్న, తెప్ప మీద వేటకి పోయేవాడు. తెచ్చిన చేపల్ని అమ్మ గంపకెత్తుకుని పెదవాల్తేరు నుంచి ఎంవీపీ కాలనీ దాకా వీధివీధీ తిరిగి అమ్మేది. తొంభైల మొదట్లో ఒకసారి వాయుగుండం పట్టింది. సముద్రం మీదున్న వాళ్ళందరూ పడుతూ లేస్తూ తిరిగొచ్చారు. మా అయ్యా, ఆయన తెప్ప మీద పోయిన ఇద్దరూ రాలేదు. అలా రెండు రోజులు గడిచాయి. ఒడ్డున ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే అమ్మ మాత్రం ఏడవలేదు. మూడోరోజు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని మోకాలు లోతు నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది. కెరటం తగిలి నేను పడబోతే జబ్బ పట్టుకుని నిలబెట్టి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుంది.

"గంగమ్మా, నీ పిల్లల్ని నాను తినను. నా మొగుణ్ణి నువ్వు తినకు."

అంతే మొక్కు. కోడీ లేదు, మేకా లేదు, డప్పులూ లేవు. తర్వాత నా రెండు భుజాలూ గట్టిగా పట్టుకుని ముఖంలో ముఖం పెట్టి చెప్పింది. "ఈ మాట ఎవులికీ సెప్పకూడదు. మీ అయ్యక్కూడా సెప్పకూడదు. నోరు జారేవంటే మొక్కు సెల్లదు, మీ అయ్య నీళ్ళలోనే ఉండిపోతాడు. ఇన్నావా గుంటా?"

మా పేటలో పెద్దలు అనే మాటే అది. పండగ మొక్కులు పదిమందికీ చెప్పి తీర్చుకుంటారు. సముద్రం మీద మనిషి ప్రాణానికి మొక్కింది మాత్రం పెదవి దాటకూడదు. దాటితే గంగమ్మ ఇచ్చిన మనిషిని మళ్ళీ తీసుకుంటుంది. విన్నానని తలూపాను. ఆ మధ్యాహ్నమే అయ్య లారీ దిగాడు. తెప్ప కొట్టుకుపోయి పూడిమడక దగ్గర ఒడ్డుకి చేరారట. పెదాలు ఉప్పుకి పగిలిపోయి, ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేకుండా, ఇకిలిస్తూ దిగాడు మహానుభావుడు. పేటంతా ఆయన చుట్టూ మూగితే అమ్మ వెనక నిలబడి నా వంక చూసింది. ఆ చూపుతో మొక్కు నిజమని నేను పూర్తిగా నమ్మేశాను.

జాలరి ఇంట్లో చేప మానేసి ఆ సంగతి దాచడమంటే మాటలా! రోజూ చేపలు కడగాలి, కొయ్యాలి, వండాలి, వడ్డించాలి. అమ్మ ఎలాగూ అందరి తర్వాతే తినేది కాబట్టి కొంత నయం. అయ్య తిని లేచాక ఆయన కంచంలో ముళ్ళు తీసి తన కంచం అంచున పెట్టుకునేది. ఎవరైనా లోపలికొస్తే తిన్నట్టే కనిపించేది. పెళ్ళిళ్ళలో నా పక్కనే కూర్చుని తన ముక్కలు నా విస్తట్లోకి తోసేసేది. నీసు మానితే అన్ని నీసులూ మానినట్టేనని కోడి, గుడ్డు కూడా వదిలేసింది. పాలంటే చిన్నప్పట్నుంచీ గిట్టదు. పెరుగు వాసన తగిలితే ముక్కు మూసుకునే మనిషి. టీ కూడా నల్లగానే తాగేది. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, పప్పు, చింతకాయ పచ్చడి. రాత్రికి అదే అన్నం, ఏదో ఒక కూర.

ఆరేడేళ్ళు ఏమీ కాలేదు. నిజం చెప్పాలి కదా, గంప నెత్తిన పెట్టుకుని అమ్మ నడుస్తుంటే వెనక నేను పరిగెత్తాల్సి వచ్చేది. గొంతు విప్పి "సేపలో" అని కేకేసిందంటే మూడో అంతస్తు వాళ్ళు కూడా కిటికీ తెరిచేవాళ్ళు.

ముందు నాలుక పూసింది. ఎర్రగా, నున్నగా అయిపోయింది. పచ్చడి తగిలితే కళ్ళల్లో నీళ్ళు కారేవి. వేడి చేసిందన్నాం. తర్వాత కాళ్ళకి తిమ్మిర్లు మొదలయ్యాయి. చీమలు పాకుతున్నాయని రోజుకి పదిసార్లు పాదాలు దులుపుకునేది. ఓసారి చెప్పు కాలినుంచి ఊడిపోయినా తెలియక అర వీధి నడిచి, "ఒలే, నా జోడేదే?" అని నన్నే అడిగింది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. బుద్ధిలేని నవ్వు. ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

నవ్వు ఆగిపోయింది కత్తిపీట దగ్గర. నేనప్పటికి డిగ్రీలో చేరాను. ఆదివారం కాబట్టి అమ్మతో వెళ్ళాను. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, కత్తిపీటని కాలితో తొక్కిపట్టి వంజరం కోస్తోంది. ఆ ఇంటావిడ గిన్నె పట్టుకుని నిలబడింది. ఉన్నట్టుండి కెవ్వుమంది. నేను చూసేసరికి అమ్మ బొటనవేలు కత్తి మొదట్లో ఇరుక్కుని ఉంది, రక్తం అరుగు మీంచి కిందికి కారుతోంది. అమ్మ ఇంకా ముక్కలు కోస్తూనే ఉంది. "ఏటమ్మా అరుత్తన్నావు? సేప రగతమే గదా" అంది నవ్వుతూ. వేలు సగం తెగింది, ఆ మనిషికి తెలియలేదు. పుట్టాక అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదు. చింపిన గుడ్డతో కట్టు కడుతూ నేను ఏడుస్తుంటే, "నొప్పి నేదే పిచ్చిగుంటా" అని నన్నే ఓదార్చింది. ఆ మాటకి ఇంకా ఏడుపొచ్చింది.

పక్కింటి పిన్ని దిష్టి అంది. మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది, ఘాటు కూడా రాలేదని లెంపలు వేసుకుంది. అయ్య షుగరేమో అన్నాడు. పేటలో మందులిచ్చే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే షుగరు లేదని తేలింది. ముఖం తెల్లగా పాలిపోయింది, రక్తం లేదని గర్భిణీలకిచ్చే ఎర్ర మాత్రలు ఇచ్చాడు. మూడు నెలలు వేసుకుంది. ముఖానికి రంగొచ్చింది. ఆయాసం తగ్గింది. అందరూ "బాగుపడిపోనాది" అన్నారు. నేనూ అలాగే అనుకుని గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

కాళ్ళు మాత్రం ఇంకా పాడయ్యాయి. పగలు కళ్ళు తెరిచి నేల చూసుకుంటూ నడిస్తే నడిచేది. స్నానం చేస్తూ కళ్ళు మూసుకుని చెంబుతో నీళ్ళు పోసుకుందంటే దబ్బున పడిపోయేది. సబ్బు నురగతో అలాగే నేలమీద పడి, "ఏటయిపోతన్నానే నాను?" అని బిక్కమొహం వేసుకుని చూసేది. ఎవరికీ జంకని మా అమ్మ! ఇరవయ్యేళ్ళు తిరిగిన వీధిలో ఒకరోజు దారి తప్పింది. గంపలో కానాగంత చేపల్ని చూపించి వాటి పేరు నన్నడిగింది. ఆ రోజు నాకు రెండు భయాలు ఒకేసారి పట్టుకున్నాయి. అమ్మకి మతిపోతోందన్నది ఒకటి. మతి తప్పి ఆ మొక్కు సంగతి ఎవరి ముందైనా తనే అనేస్తుందేమో, అయ్య వేటకి పోయిన రోజే అనేస్తుందేమోనన్నది రెండోది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు మంచివాడే. సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూశాడు. కళ్ళు మూసుకుని నిలబడమన్నాడు, అమ్మ తూలితే తనే పట్టుకున్నాడు. ఏం పని చేస్తావమ్మా అనడిగాడు. చేపలమ్ముతానంది.

"చేపలు బాగా తింటారా?"

అమ్మ ఫక్కున నవ్వింది. "బాగడిగావు బాబూ! జాలరోళ్ళం, సేప తినకపోతే మరేటి తింతాం?"

ఆయన కూడా నవ్వి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. కుక్కిన పేనులా నిలబడ్డాను. ఆయన అడిగిన ప్రశ్న ఊరికే అడిగింది కాదని నాకెందుకో తోచింది. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. ఆ పూట అయ్య నీళ్ళ మీదున్నాడు. చెప్తే ఏమవుతుందో పదకొండేళ్ళప్పుడే నాకు చెప్పారు. చదువుకున్నదానివి, డిగ్రీ కాలేజీలో సైన్సు చదువుతున్నదానివి, నువ్వూ నమ్మావా అని అడక్కండి. కన్నతండ్రి ప్రాణం పణంగా పెట్టి నమ్మకాన్ని పరీక్ష చేసే ధైర్యం ఎవరికుందో వాళ్ళు వచ్చి అడగండి.

రక్తం బాగానే ఉందన్నారు. అయితే వెన్నులో ఏదో ఉండాలన్నారు. ఫోటోలు తీశారు. ఏమీ దొరకలేదు. ఈలోగా నెల దాటిపోయింది. మళ్ళీ వెళ్ళేనాటికి అమ్మ నా భుజం పట్టుకోకుండా గుమ్మం దాటలేని స్థితికొచ్చింది. డాక్టరు నన్ను మాత్రం గదిలో ఉండమని అమ్మని బయట బల్ల మీద కూర్చోబెట్టించాడు.

"కారణం దొరకడం లేదమ్మా. ఇలాగే పోతే ఆవిడ మంచం పడుతుంది. తర్వాత కారణం దొరికినా లేపలేం. ఇంట్లో మందు కొట్టిన గింజలేమైనా తిన్నదా? తాగుడు అలవాటుందా? నువ్వు చెప్పంది ఏమైనా ఉందా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అందులో నిలబడితే ఎలా ఉంటుందో ఆ గదిలో తెలిసింది. చెప్తే అయ్య. చెప్పకపోతే అమ్మ. తెప్ప మానేసి వాటాకి చేరిన ఇంజను బోటు మీద అయ్య తెల్లారుజామునే పోయాడు. తలుపు సందులోంచి చూస్తే అమ్మ బల్ల మీద కూర్చుని, తన కాళ్ళు తనవి కానట్టు వాటి వంకే చూసుకుంటోంది.

"మా అమ్మ చేప తినదండీ" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"ఎనిమిదేళ్ళు దాటింది. మొక్కు. మాంసం, గుడ్డు కూడా తినదు."

"పాలు? పెరుగు?"

"ముట్టదండీ."

ఆయన చేతిలో కలం కింద పెట్టేశాడు. కాసేపు నన్ను తిట్టాలో జాలిపడాలో తేల్చుకోలేనట్టు చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. బీ ట్వెల్వ్ అని ఒక విటమిన్ ఉందట. నరాలకి అదే ప్రాణమట. ధాన్యంలోనూ కూరల్లోనూ అది దొరకదట. "నీసు తిననివాళ్ళందరికీ ఇలా కాదమ్మా. తరతరాలుగా మానినవాళ్ళు పెరుగన్నం లేకుండా లేవరు. వాళ్ళు కూడా అప్పుడప్పుడు రక్తం చూపించుకోవాలి గానీ, చాలామంది నెట్టుకొస్తారు. మీ అమ్మ అవీ తినలేదు. ఒంట్లో దాచుకున్నది కొన్నేళ్ళు కాసింది. అదీ అయిపోయింది. ఆ ఎర్ర మాత్రలు రక్తాన్ని బాగుచేసి మన కళ్ళు కప్పాయి. లోపల నరాలు చచ్చిపోతూనే ఉన్నాయి. చేపలమ్మే మనిషికి ఈ జబ్బు వస్తుందని నాకూ తట్టలేదు." ఆగి, "మొదటిరోజు నువ్వు పక్కనే ఉన్నావు కదా" అన్నాడు.

ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, నేను చెప్పానని అమ్మకి తెలియనివ్వద్దని బతిమాలాను. గుడ్డయినా తినమందామంటే వద్దండీ, సూదే వెయ్యండన్నాను. విసుక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు. నరాల మందని చెప్పి ఆ గంటలోనే మొదటి ఇంజక్షన్ వేయించాడు.

అమ్మని ఇంట్లో పడుకోబెట్టి ఒడ్డుకి పరిగెత్తాను. ఎండ చురచురలాడుతోంది. బోట్లు దాదాపు అన్నీ వచ్చేశాయి. వలలు దులుపుతున్నారు. మా బోటు లేదు. అడిగితే, "వత్తాడులేయే, ఏటా కంగారు?" అన్నారు. ఒంటిగంటయింది. రెండయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ దాపున హార్బరులోకి ఒక పెద్ద ఓడ పోతోంది, దాని వెనక ఏ చిన్న చుక్క కనిపించినా అయ్యే అనుకుని లేచి నిలబడుతున్నాను. చంపేశాను. మా అయ్యని నేను చంపేశాను. పైకే అంటున్నానట, పక్కనున్నవాళ్ళు తర్వాత చెప్పారు. గంగమ్మకి అప్పటికప్పుడు ఎన్ని మొక్కులు మొక్కానో లెక్కలేదు. నా నోరు పడిపోనీ, నా కాళ్ళు తీసుకో, ఆయన్ని వదిలెయ్యి.

మూడు దాటాక వచ్చాడు. ఎవరిదో బోటు ఇంజను ఆగిపోతే తాడు కట్టి లాక్కొచ్చాడట, ఊరికి ఉపకారి! నేను నీళ్ళలోకి పరిగెత్తి ఆయన గుండెల మీద రెండు చేతులతో దబదబా బాదాను.

"ఏటే? సచ్చిపోనాననుకున్నావేటి?" అని పగలబడి నవ్వాడు. అలా నవ్వుతుంటే ఇంకో రెండు బాదాను.

మర్నాడు మళ్ళీ పోయాడు. మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. వారం రోజులు రోజూ సూది, తర్వాత వారానికొకటి, తర్వాత నెలకొకటి, బతికున్నంత కాలం. ప్రతి సూదికీ అమ్మ కొంచెం తేరుకునేది. పది రోజుల్లో నాలుక మానింది. రెండు నెలల్లో చేపల పేర్లన్నీ తిరిగొచ్చాయి, వాటితోపాటు తిట్లూ తిరిగొచ్చాయి. నాకు మాత్రం ప్రతి పొద్దూ అయ్య బోటు నీళ్ళలోకి తొయ్యగానే గుండె దడ మొదలయ్యేది, ఆయన ఒడ్డెక్కాకే తగ్గేది. ఒకటి కాదు రెండు కాదు, ఏళ్ళ తరబడి. గాలి కాస్త పెరిగితే కాలేజీ మానేసి ఇసకలో కూర్చునేదాన్ని. ఎందుకని అడిగితే చదువుకోడానికి చల్లగా ఉందని చెప్పేదాన్ని.

కాళ్ళు పూర్తిగా రాలేదు. డాక్టరు అన్నట్టే జరిగింది, ఆలస్యమైంది. మోకాళ్ళ కింద స్పర్శ సగమే వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తుంది. గంప మళ్ళీ నెత్తికెత్తుకోలేదు. వీధుల వెంట తిరిగిన మనిషి పేట మొదట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చుని అమ్మడం మొదలుపెట్టింది. కూర్చున్నచోటి నుంచి కేకలు వేస్తే మేడల మీదకి ఏం వినిపిస్తాయి? నాకు తెలిసిన శాకాహారులందర్నీ ఇప్పటికీ పీక్కుతింటాను. పాలు తాగుతున్నారా, రక్తం చూపించుకున్నారా అని. వాళ్ళకి నేనో చాదస్తం మనిషిని.

రెండువేలు దాటిన ఆరేడేళ్ళకి అయ్యకి చూపు మందగించింది. వేట మానుకుంటానని, బోటులో వాటా వదిలేసుకుని, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. కర్ర గోడకి ఆనించి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

"మొక్కు గట్టెక్కినాదే. ఇంక గంగమ్మకి మీ అయ్యతో పని నేదు. ఇన్నేళ్ళలో ఒక్క మాట పైకి పొక్కనిచ్చేనేటి? ఆ డాక్టరు బాబు అడిగినప్పుడు కూడా నాను సెప్పలేదు. నువ్వూ సెప్పలేదు. నానెరుగుదును, నీకు ఎంత కష్టమయినాదో. నీ నోరే మీ అయ్యని కాపాడినాది గుంటా."

ఆ మొక్కు ఆస్పత్రి గదిలోనే పోయిందమ్మా, పోయాక కూడా అయ్య రోజూ తిరిగొచ్చాడు అని ఆ క్షణంలో చెప్పెయ్యాలనిపించింది. చెప్తే ఆ కాళ్ళు చేప మానినందుకే పోయాయనీ చెప్పాలి, అప్పుడు ఆవిడ అడిగే తర్వాతి మాట నాకు తెలుసు. అలాగైతే నా కాళ్ళు ఏటికి పోనాయే అంటుంది. ఆ మాట ఆవిడ నోటి వెంట వినడమంటే నాకు సముద్రం కన్నా భయం. ఇప్పటికీ భయమే.

"అవునమ్మా" అన్నాను.